చున్నీ చాటు సినిమా

పరాయి దేశంలో యూనివర్సిటీలో చదివే రోజుల్లో వెర్రిబీ అనే ఊళ్ళో ఒక ఆంటీ వాళ్ళింట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆంటీది భీమవరం వైపు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. చర్చిలో వద్దంటారని సినిమాలు చూసేది కాదు. డిసెంబర్లో టీవీలో వచ్చే ప్రేమకథలకు మాత్రం మినహాయింపు. "క్రిస్మస్ సినిమాలే కదమ్మా" అనేది. అక్కడ డిసెంబరంటే ఎండాకాలం. బయట ఎండ మండిపోతుంటే ఫ్యాన్ కింద కూర్చుని, నైటీ మీది చున్నీ ప్రార్థనకు కప్పుకున్నట్టు తలమీద కప్పుకుని ఆ మంచు ఊళ్ళను చూసేది. ముద్దు సీన్ వస్తే చున్నీ కళ్ళమీదికి లాక్కునేది.

అన్నిట్లోనూ ఒకటే కథ. సిటీ నుంచి వచ్చిన అమ్మాయి, చిన్న ఊళ్ళో భార్య పోయిన ఒక మంచివాడు. నేను నవ్వేదాన్ని. ఆంటీ నవ్వేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం సినిమా మంచి పట్టులో ఉండగా మా ఇంటి బెల్ మోగింది. ఆంటీ గబుక్కున టీవీ కట్టేసి తలుపు తీసింది. చర్చి అంకుల్. ఆయనకీ భార్య లేదు. చేతిలో సంచీడు నిమ్మకాయలు.

"వందనాలు సిస్టర్. చెట్టు విరగకాసింది. కాసిని మంచినీళ్ళిస్తారా?"

"లోపల పిల్ల చదువుకుంటోందండీ," అని ఆంటీ గ్లాసు గుమ్మంలోనే అందించింది.

నా పరీక్షలు ఎప్పుడో అయిపోయాయి. లేచి గదిలోకి పోవాలని తెలుసు. అయినా చిప్స్ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను.

ఆయన వెళ్ళాక ఆంటీ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"టీవీ పెట్టనా ఆంటీ?"

ఆంటీ నల్లటి తెరమీద కనబడుతున్న తన మొహాన్ని కాసేపు చూసి, చున్నీ కళ్ళమీదికి లాక్కుంది.