చంద్రలోకపు రాజు మారడన్నాను

ఈ సాయంత్రం తిరువూరులో బస్సులు ఆగే చోట ఉన్న కాఫీ హోటల్లో, వారపత్రికలో వస్తున్న ఎగిరే వీరుడి సీరియల్ మీద వాదన రేగింది. ఈ వారం అందులోని క్రూరుడు, చంద్రలోకపు రాజు, ఉన్నట్టుండి మంచివాడైపోయాడు.

"అదెట్టా కుదురుద్దండీ?" అన్నాడు దర్జీ వెంకయ్య.

చంకలో బైబిలు పెట్టుకు తిరిగే పాస్టరునైన నేనూ బల్ల గుద్దాను. "ఇన్నాళ్లూ జనాన్ని పీడించినోడు ఒక్క వారంలో మారతాడంటయ్యా? రాసినాయనకి బుద్ధి లేదు!"

వెనక బల్ల దగ్గర నాగయ్య లేచాడు. పోయిన ఆదివారమే నా ప్రసంగం విని తాగుడు మానేసిన మనిషి.

"అయితే నా సంగతేంటి అయ్యగారూ?" అని, కాఫీ ముట్టకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు అతని ఇంటికే బయల్దేరుతున్నాను. గుమ్మంలో మొదటి మాట ఏమనాలో మీకు తోస్తే చెప్పండి. ప్రసంగం మాత్రం వద్దు.