ఒక్క ఆట గెలిస్తే నాగపూర్

ఆ రోజుల్లో పందొమ్మిదేళ్ల కుర్రాడి బతుకు మీద వాడికి తప్ప తక్కిన అందరికీ అధికారం ఉండేది. నా మీద ఆ అధికారం మా నాన్నది. రాయపూర్ స్టేషన్లో గూడ్స్ గుమాస్తాగా ఉంటూ నన్నూ అదే యార్డులో నంబర్ టేకర్‌గా వేయించాడు. (వచ్చిన ప్రతి గూడ్సు బండి పక్కనా నడుస్తూ వాగన్ల నంబర్లు పుస్తకంలో ఎక్కించడం నా పని. ఎండాకాలంలో కళ్లు మూసుకున్నా ఆ నంబర్లే కనిపించేవి.) ఇలా ఉండగా దీపావళి వెళ్లిన వారానికి నాగపూర్‌లోని ఒక దినపత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. ప్రూఫులు దిద్దే పని ఉంది, వానలు మొదలయ్యేలోగా వచ్చి చేరమని. నాన్న ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, మడిచి, నా చేతిలో పెట్టి, "పక్కా ఉద్యోగం మానేసి పరాయివాళ్ల అచ్చుతప్పులు ఏరుకుంటావా? మీ పెద్దమావయ్య సరేనంటే అప్పుడు చూద్దాం" అన్నాడు. పెద్దమావయ్య మాటంటే నాన్నకి వేదం. అంచేత నా నాగపూర్ దారి, స్టేషనుకి అవతల ఆయనుండే గుఢియారి పేట మీదుగా వెళ్లాల్సి వచ్చింది.

మా అమ్మకి పెద్దన్నయ్య ఆయన. యుద్ధంలో రంగూన్ వదిలి, అత్తయ్యని వెంటబెట్టుకుని కాలినడకన బయటపడి, చివరికి గుఢియారిలో ఒక బియ్యం మిల్లులో టైమ్ కీపర్‌గా కుదురుకున్నాడు. సామానంతా అక్కడే పోయింది కానీ, పక్కింటి చీనా వడ్రంగి నేర్పిన ఒక ఆట మాత్రం బుర్రలో పెట్టుకుని తెచ్చాడు. దాన్ని లోకం 'గో' అంటుందని నాకు చాలా ఏళ్లకి గానీ తెలీలేదు. మా రైల్వే క్వార్టర్లలో అందరూ చీనా పులిజూదం అనేవారు. సాల చెట్టు చెక్క మీద అటు పందొమ్మిది గీతలు, ఇటు పందొమ్మిది గీతలు. నల్లవాటికి చింతపిక్కలు, తెల్లవాటికి గవ్వలు. ఆ గవ్వలు అక్కడి గొల్లలు, రౌతులంటారు వాళ్లని, దీపావళి నాట్యానికి చొక్కాల మీద కుట్టుకోవడానికి కొనే గోల్ బజార్ దుకాణంలో కొన్నవి. గీతలు కలిసేచోట వంతుల వారీగా ఒక్కొక్కటీ పెట్టాలి. పిక్క చుట్టూ ఉన్న ఖాళీ చోట్లు దానికి ఊపిరి. శత్రువు అన్నివైపులా మూసేస్తే ఊపిరాడక చచ్చి బయటికొస్తుంది. చివరికి ఎవరు ఎక్కువ నేల చుట్టుముడితే వాళ్లది గెలుపు. ఇంతే ఆట.

"నాన్నతో చెప్పాలి, అంతే కదా? చెప్తాను. ముందు నా మీద ఒక్క ఆట గెలువు" అన్నాడు మావయ్య. మామూలు పులిజూదంలో క్వార్టర్లన్నింటికీ నేనే మొనగాణ్ణి. వారం రోజుల పని అనుకున్నాను.

మొదటి ఆదివారమే ఆయన నా పిక్క ఒకదానికి ఒక్క ఊపిరి మిగిల్చాడు. పక్కన ఇంకోటి పెట్టి తప్పించుకున్నాను. ఆయన మళ్లీ మూశాడు. నేను మళ్లీ పాకాను. అటొకటి, ఇటొకటి, మెట్లు మెట్లుగా పలక ఈ మూల నుంచి ఆ మూలకి నా పిక్కల రైలు పరుగెత్తింది. ప్రతి ఎత్తుకీ తప్పించుకున్నాననే నా ఆనందం. తీరా అంచుకి చేరాక పట్టాలు అయిపోయాయి. ముప్ఫైకి పైగా పిక్కలు ఒకే చేత్తో ఊడ్చి అత్తయ్య ఒళ్లో పోశాడు మావయ్య.

"ఏటిరా, అంచు ఉందని తెలీదేటి?" అన్నాడు.

"పరుగెత్తుతున్నాను కదా మావయ్యా, చూసుకోలేదు."

"పరుగెత్తే ముందు చూడరా! చెయ్యి తొడ కింద పెట్టుకో. కళ్లతో ఆడు. నాది, నీది, నాది, నీది... చివరిదాకా చూసి అప్పుడు తియ్యి చెయ్యి."

ఆ రోజు నుంచి ఆదివారాలన్నీ నా కుడిచెయ్యి నా తొడ కిందే నలిగింది. చెయ్యి తిమ్మిరెక్కేది కానీ బుద్ధి మాత్రం రాలేదు. మూడో ఆదివారమూ మెట్ల పరుగే, ఐదోదీ మెట్ల పరుగే. (ఈసారి తప్పించుకుంటానని ఎందుకనిపించేదో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.) ఏం నేర్పమన్నా ఆయన నోటి వెంట ఒకటే మాట, "చూడు." ఏం చూడాలో చెప్పడు. అడిగితే, "కనిపించేదాకా చూడు" అంటాడు. గుమ్మం దగ్గర బియ్యం ఏరుతూ అత్తయ్య వంత. "అరే, వాడికి ఆకలేస్తోందయ్యా, బస్, ఇంక చాలించు. ఛే, ఆ గవ్వకి అంత జాలిలేదేటి?"

సంక్రాంతి దాటాక మావయ్య నన్ను ఘోరంగా అవమానించాడు. "నువ్వు ముందే తొమ్మిది పిక్కలు పెట్టేసుకో, తర్వాత నేను మొదలెడతాను" అన్నాడు. తొమ్మిది పిక్కలు కంచెలా పరుచుకుని కూడా ఓడాను. పోట్లాట మొదలైతే చాలు, ఆయన తాకినచోటల్లా నేనూ తాకేవాణ్ణి, ఆయన కోసినచోటల్లా నేనూ కోసేవాణ్ణి. పది ఎత్తుల తర్వాత నాకు నాలుగు ముక్కలు మిగిలేవి, నాలుగింటికీ ఊపిరి కరువే. ఇంటికి నడిచి వస్తూ పట్టాల మీది రాళ్లు తన్నుకుంటూ తిట్టుకునేవాణ్ణి. ఆయన్ని కాదు, రంగూన్‌లోని ఆ చీనా వడ్రంగిని.

తర్వాత చిట్టీలు మొదలయ్యాయి. మిల్లు కాగితం మీద ఒక మూల బొమ్మ గీసి, కొన్ని చుక్కలు, కొన్ని సున్నలు పెట్టి, కింద "బతుకుతుందా, చస్తుందా?" అని రాసి పంపేవాడు. అవి నన్ను పట్టి పీడించాయి. ఒక మధ్యాహ్నం యార్డులో చిట్టీ చెమటకి చిరిగిపోబోతే, ఎదురుగా నిలబడ్డ వాగన్ తలుపు మీద సుద్దముక్కతో అదే బొమ్మ పెద్దగా గీసి, తల ఒకవైపు వాల్చి చూస్తూ నిలబడ్డాను. మా యార్డు కూలీ ముసలాయన వచ్చి, "యే కా బనాయే హస్ గా?" అన్నాడు, ఇదేం గీశావు బాబూ అని. "పరీక్ష" అన్నాను. నాలుగో ఎత్తు దాకా కళ్లతో వెళ్లాను. ఐదోది దొరకబోతోంది. సరిగ్గా అప్పుడు ఇంజను కూతేసి, నా లెక్కతో సహా ఆ వాగన్ బిలాస్‌పూర్ వైపు కదిలిపోయింది. నేను కొంతదూరం పక్కనే పరుగెత్తాను కూడా.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. బిలాస్‌పూర్‌లో ఎవరో శ్రద్ధగల తనిఖీదారు ఆ గీతలూ సున్నలూ చూసి, ఇదేదో మరమ్మతుకి పోవాల్సిన 'సిక్' వాగన్‌కి పెట్టే కొత్తరకం గుర్తు అనుకుని, బండి నుంచి దాన్ని విడదీయించి, రెండు రోజులు మరమ్మతు లైనులో నిలబెట్టి, ఇరుసుల నుంచి కప్పు దాకా అంతా పరీక్షించి, ఏ రోగమూ దొరక్క మాకు కాగితం రాశాడు. 'ఈ గుర్తుకు అర్థమేమి?' అని. ఆ కాగితం ముందుగా పడింది మా నాన్న బల్ల మీద.

"అర్థమేమిట్రా?" అన్నాడు నాన్న, ఇంటికొచ్చి, టోపీ కూడా తీయకుండా.

"బతుకుతుంది నాన్నా. ఇవాళే దొరికింది."

ఆయన ముఖం చూసి తర్వాతి ఎత్తు చదవడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. మావయ్య ఇంటికి ఇంక వెళ్లొద్దనలేదు. బావగారి ఇల్లు కదా! మేలో మిగిలిన ఒక్క ఆదివారం గెలవకపోతే, ఆ తర్వాత ఆ ఆట మాటా నాగపూర్ మాటా ఎత్తొద్దన్నాడు.

ఆ చివరి ఆదివారం గాడ్పు గుమ్మంలోంచి మండుతూ వస్తోంది. తొమ్మిది పిక్కలు పరిచి కూర్చున్నాను. ఎప్పటిలాగే ఆయన కోశాడు, నేను కోశాను. కుడివైపున ఆయన పదకొండు గవ్వలూ నా ఎనిమిది పిక్కలూ ఒకదాన్నొకటి మూసుకుని ఇరుక్కుపోయాయి. ఎవరు ముందు ఎదుటివాడి ఊపిర్లన్నీ మూసేస్తే వాళ్లు బతుకుతారు. చెయ్యి తొడ కిందకి పోయింది. లెక్కపెట్టాను. నాకు మూడు ఊపిర్లు, ఆయనకి మూడు. వంతు నాది. మళ్లీ లెక్కపెట్టాను. నాది, ఆయనది, నాది, ఆయనది, నాది. మొట్టమొదటిసారి పలక మీద లేని పిక్కలు నాకు కనిపించాయి. చెయ్యి తీసి పెట్టాను.

మావయ్య చాలాసేపు చూశాడు. తర్వాత పదకొండు గవ్వలూ తనే ఒక్కొక్కటిగా తీసి నా వైపు పెట్టాడు. ఆట ముగిసేసరికి నేల నాకే ఎక్కువ వచ్చింది. "బాగా చూసావురా" అని లేచి, చొక్కా వేసుకుని, ఆ ఎండలోనే మా ఇంటికి బయల్దేరాడు, నాన్నతో చెప్పడానికి.

నేను గంతులేస్తుంటే అత్తయ్య చింతపిక్కలు డబ్బాలో పోస్తూ, "గెలిచావు, అచ్ఛా. ఇంక ఈయన ఎవరితో ఆడతాడ్రా? ఈ రాయపూర్ అంతా గాలించినా నీలాంటి పిచ్చోడు ఇంకోడు దొరకడు" అంది. ఆ మాట నా చెవిన పడింది కానీ లోపలికి దిగలేదు. నాగపూర్ వెళ్లే ప్యాసింజరు ఎన్ని గంటలకో ఆలోచిస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన నెలకి మావయ్య దగ్గర్నుంచి కార్డు. 'అడ్డం 4, నిలువు 16' అని ఒక్క ముక్క. కింద అత్తయ్య చేతిరాతతో గోంగూర పచ్చడి పంపిన కబురు. అలా కార్డుల మీద ఆట మొదలైంది, నెలకి చెరి రెండు ఎత్తులు. ఐదేళ్లు సాగింది. ఆయన పోయేనాటికి ఆట పూర్తి కాలేదు.

మొన్న పాత కాగితాల్లో ఆ కార్డుల కట్ట దొరికింది. నా ఎత్తులు వాటి వెనకే రాసుకున్నాను కనక, వరసగా పలక మీద పేర్చుకుంటూ వచ్చాను. ఇప్పుడు నాకు అప్పటి ఆయనకన్నా వయసెక్కువ, కాస్త చూపూ వచ్చింది, ఆటలో. ఇరవై మూడో కార్డు దగ్గర ఆగిపోయాను. నా పదిహేడు పిక్కలు ఒక్క గవ్వతో చచ్చేలా ఉన్నాయి. ఆ గవ్వ పెడితే ఆట అక్కడితో అయిపోయేది. ఆయన పెట్టలేదు. ఎక్కడో దూరంగా, ఎందుకూ పనికిరాని చోట పెట్టాడు. ఆ తర్వాతి కార్డులోనూ అంతే. నాలుగేళ్ల పాటు ఆ ఒక్క చోటూ వదిలేసి పలకంతా తిరిగాడు.

అప్పుడు నేనేం చేశానో కూడా గుర్తొచ్చింది. అప్పటికి సబ్ ఎడిటర్‌ని, ఊరంతటికీ సలహాలిచ్చే వయసు. విసుగెత్తి రాశాను, 'మావయ్యా, నీ ఆట మరీ మందగించింది. కాస్త శ్రద్ధ పెట్టు' అని. ఆ సబ్ ఎడిటర్ బాబు ఇప్పుడెదురైతే బాగుండును, చెవి మెలిపెట్టి ఆ పలక ముందు కూర్చోబెడదును. మావయ్య జవాబు కార్డు ఇదిగో, నా చేతిలోనే ఉంది, మళ్లీ ఓ పనికిరాని మూలే. 'అలాగేరా. అడ్డం 18, నిలువు 2. ఇంక నీ వంతు.'