ఎర్ర గుండుసూదుల ఊరు

ఒక ఊరి పరువునూ ఒక కుర్రాడి పెళ్లినీ గుండుసూదులతో పొడిచి పారేసిన ఘనత నాది. వినండి. నవ్వితే నవ్వండి, నాకేం రోషం లేదు.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకి రాని రోజులు. అనంతపురంలో ఒక ఆసుపత్రిలో కొత్తగా చేరిన పెథాలజిస్టును. పొద్దున కండ ముక్కల్ని మైక్రోస్కోపులో చూసి క్యాన్సరో కాదో చెప్పేదాన్ని. సాయంత్రం ఆ జబ్బు ఏ ఊళ్లో ఎక్కువ, ఎందుకు అని పరిశోధన. నోటి క్యాన్సర్ తేలిన ప్రతి మనిషి ఊరి మీదా, గోడనున్న జిల్లా పటంలో ఒక ఎర్ర గుండుసూది గుచ్చేదాన్ని. చూస్తుండగానే ఉరవకొండ పక్క యర్రబండపల్లి దానిమ్మపండులా ఎర్రబడింది.

పొగాకు నమలడం ఎక్కడైనా ఉన్నదే, మరి ఈ ఊరికే ఎందుకు? నీళ్లే! అది మా ల్యాబ్ అటెండర్ బసన్న సొంతూరు. అతన్నొక మాట అడగొచ్చు కదా అంటారా? అడిగితే నేను శాస్త్రవేత్తనెలా అవుతాను! ఉరవకొండలో ఒక ఆరోగ్య సభలో మైకు పట్టుకుని, ఆ ఊరి నీళ్లు తాగొద్దని చెప్పేశాను. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లే నయం. నేను ఎలుకను చూసి కొండని చాటింపు వేశాను.

వారం తిరక్కముందే బసన్న ఏడుపు మొహంతో వచ్చాడు.

"ఏం చేస్తిరి మేడమ్! మా పిల్లోని పెండ్లి నిలిచిపాయ. విడపనకల్లు తిప్పేస్వామి పిల్లనియ్యనంటాండాడు. క్యాన్సర్ నీళ్ల ఊరికి పాపను ఎట్లంపేదని! మావాడు అన్నం ముట్టడంల్యా."

పిల్ల తండ్రిని పిలిపించమన్నాను. తిప్పేస్వామి వచ్చి పటం ముందు నిలబడ్డాడు.

"ఇన్ని సూదులు కనపడతాంటే ఎట్లియ్యల్ల డాక్టరమ్మా?"

"బసన్నా, జబ్బు పడినవాళ్లలో నీకు తెలిసినవాళ్లెవరు?" అన్నాను.

"మా ఊరోళ్లు ఒక్కరూ లేరు మేడమ్."

"మరి వీళ్లంతా?"

"మా ఊరని చెప్తే లైన్లో ముందరికి పంపిస్తాంటి. ఆ సంగతి గుత్తి దాకా పాకిపోయినాది. ఇంగ వచ్చినోడల్లా మా ఊరోడే!"

ఇన్నాళ్లూ నేను సూదులు గుచ్చి కనిపెట్టింది బసన్న మొహమాటాన్నన్నమాట. సిగ్గుతో చచ్చాను.

తిప్పేస్వామి మాత్రం నమ్మలేదు. "జబ్బు మనిషిని ఎంట పెట్టుకోని ఊరు మార్చి చెప్పేటోళ్లు యాడన్నా ఉంటారా అప్పా?"

"పోయినేడు మీ నాయనను నోట్లో పుండని తెచ్చినప్పుడు మీరు ఏ ఊరని చెప్తిరి బావా?" అన్నాడు బసన్న మెల్లగా.

తిప్పేస్వామి తల గోక్కున్నాడు. "...యర్రబండపల్లి."

వెంటనే ఒక సూది పీకి విడపనకల్లు మీద గుచ్చబోయాను. ఆయన పటానికి అడ్డంపడ్డాడు.

"ఆడ పెట్టొద్దమ్మా, నీకు దండం పెడతా! నాకింకో కూతురుండాది!"

మళ్లీ ఉరవకొండ పోయి అదే మైకులో లెంపలేసుకున్నాను. పెళ్లి జరిగింది. తిప్పేస్వామి నాయన, ఆపరేషనై కోలుకున్న ఆ తాతే, ముందు వరసలో కూర్చుని అక్షింతలు వేశాడు. నాకేమో ఆకలి దంచేస్తోంది. భోజనాల దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు.

"మగపిల్లోని ఊరోళ్లకే ముందు బంతి! మీది యా ఊరమ్మా?" అని అడ్డగించాడొకాయన.

"యర్రబండపల్లి," అన్నాను, తడుముకోకుండా.

విస్తట్లో పడ్డ ఆ వేడి ఓళిగ మీద ఒట్టు: లైన్లో నిలబడ్డ మనిషి చెప్పిన ఊరిని నమ్మి జన్మలో సూది గుచ్చను. ఆ మనిషి నేనైనా సరే!