యాభై మాటల్లో లేని మాట

రేవుల్లో, గనుల్లో, ఒకరి భాష ఒకరికి రానివాళ్ళు కలిసి చాకిరీ చేసే ప్రతిచోటా ముక్కల భాష ఒకటి దానంతటదే పుట్టడం చూశాను. ముందు తిట్టు పుడుతుంది, వెంటనే 'ఆగు' పుడుతుంది. మర్యాదలు ఆ తర్వాతెప్పుడో, తీరిక దొరికాక వస్తాయి. ఇంత చిన్న సంగతి పెద్ద చదువులవాళ్ళకి ఎందుకు తట్టదో! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో కొన్నాళ్ళు మడతలు పెట్టాను. అక్కడ తడి దుప్పట్లని లోపలికి లాక్కుని ఇస్త్రీ చేసే ఆవిరి రోలరు దగ్గర పనిచేసే ఆవిడని అందరం పెద్దక్క అనేవాళ్ళం. ఇరవై రెండేళ్ళ సర్వీసు, మోచేతుల దాకా కాలిన మచ్చలు. ఇంట్లో ఊరికే కూర్చోవడమెందుకని తోడికోడల్ని కూడా తనే తెచ్చి పనిలో పెట్టించింది. తడి దుప్పటి అంచుని రోలరుకి అందించడం ఆ చిన్నదాని పని. స్విచ్చి దగ్గర నిలబడేవాడిది వేరే భాష. మొత్తం తొమ్మిదిమందిమి, నాలుగు భాషలు. అందరికీ కలిపి పెద్దక్క ఒక అరుపు పుట్టించింది: 'హప్'. ఆ అరుపు వినబడితే యంత్రం ఆగాలి, అంతే.

ఒకరోజు మేనేజరు ఒక లెక్చరర్ని వెంటబెట్టుకొచ్చాడు. అతని పరిశోధన కోసం మేమంతా కలిసి ఓ కొత్త భాష తయారుచేయాలట. యాభై మాటలే ఉండాలి. నెల రోజులు పనివేళల్లో అవే మాట్లాడాలి, ఇంకేదీ నోట రాకూడదు. ఒక్కో మాటకీ చేతులెత్తి ఓటేశాం. లెక్చరర్ పట్టుబట్టి స్నేహానికి రెండు మాటలు, ఇంద్రధనుస్సుకి ఒకటి పెట్టించాడు. పెద్దక్క 'హప్' చెప్పగానే మేనేజరు అడ్డం పడ్డాడు.

"ఆపడానికో మాట పెడితే పొద్దస్తమానం ఆపుతూనే ఉంటారు."

"పోనీ ఆ ఇంద్రధనుస్సు తీసెయ్యండి సారూ. ఈ ఆవిరిలో మాకు ఎదుటి మనిషే కనబడదు!" అంది పెద్దక్క.

అందరం నవ్వాం. లెక్చరరూ నవ్వాడు, 'హప్' మాత్రం రాసుకోలేదు. యాభై నిండాయన్నాడు. సరేనని చెయ్యెత్తినవాళ్ళలో, నాలుగు పుస్తకాలు చదివానని విర్రవీగే నేనూ ఉన్నాను. పట్టిక గోడకెక్కింది.

పదకొండో రోజున చిన్నదాని మణికట్టుకి దుప్పటి అంచు చుట్టుకుంది. రోలరు లాగేస్తోంది. ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? నోరు తెరవబోయి, గోడమీది పట్టిక వైపు చూసింది! పదకొండు రోజుల్లో మేం దానికి నేర్పిన బుద్ధి అది.

"హప్!" అంది పెద్దక్క, షెడ్డు అదిరిపోయేలా.

స్విచ్చివాడు ఒక్క క్షణం తటపటాయించి స్విచ్చి ఆపేశాడు. చెయ్యి దక్కింది. మణికట్టు చుట్టూ చర్మం మాత్రం లేచిపోయింది.

మేనేజరు పరుగున వచ్చి, "పట్టికలో లేని మాట ఎవరన్నారు?" అన్నాడు. వెనకాలే వచ్చిన లెక్చరర్ నోటుబుక్కు తీశాడు.

"ఏం రాస్తున్నావయ్యా?" పెద్దక్క రోలరు వైపు వేలు చూపించింది. "అందులో నీ చెయ్యి పెట్టు. పెట్టి, ఇంద్రధనుస్సూ అని అరువు. ఎవడొస్తాడో చూద్దాం!"

లెక్చరర్ పుస్తకం మూశాడు. మేనేజరు స్విచ్చి వెయ్యమని సైగ చేశాడు. స్విచ్చివాడు చేతులు వెనక్కి కట్టుకుని "హప్" అన్నాడు. ఉతికేవాళ్ళన్నారు, పిండేవాళ్ళన్నారు, సిగ్గుతో చచ్చిపోతూ నేనూ అన్నాను. తడి దుప్పట్లు బుట్టల్లోనే ఉండిపోయాయి. కాసేపటికే ఆసుపత్రివాళ్ళ ఫోను మోగడం మొదలైంది. మేనేజరు పట్టిక పీకి ముక్కలు చేశాడు.

"ఇప్పుడైనా వెయ్యమంటావా తల్లీ?"

"దీన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాక. నువ్వూ మాతో రా. దెబ్బ ఎలా తగిలిందని అడుగుతారు. నువ్వే చెప్పాలి, మీ భాషలో."

అతను బండి తాళాలు తెచ్చుకోవడానికి వెళ్ళాడు.