గుడ్డు పలకదు

పిల్లల లైబ్రరీలో చిరిగిన పుస్తకాలన్నీ చివరికి ఆమె ఒళ్లోకే చేరేవి. భవనం వెనకవైపు, మెట్ల కింద, ఒక్కటే కిటికీ ఉన్న గది ఆమెది. పొడుగాటి బల్ల, దాని మీద సూదులు గుచ్చిన దూది దిండు, మైనం పట్టించిన దారం, పిండి ఉడికించి చేసిన జిగురు గిన్నె, అతికించిన పుస్తకాల్ని నొక్కి ఉంచే ఇనుప చట్రం. సాయంత్రానికి ఆమె వేళ్ల మీద జిగురు ఎండి, పొరలు పొరలుగా లేచేది. అందుకే పిల్లలు ఆమెను జిగురమ్మమ్మ అనేవారు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

జిగురమ్మమ్మకు భయం ఎక్కువ. కుక్కలంటే భయం, ఉరుములంటే భయం, మోగుతున్న ఫోనన్నా భయమే. భర్త బతికున్నప్పుడు, "నీ నీడ నీ వెనకాల నడవాలన్నా ముందు దగ్గి నడవాలే!" అని ఆటపట్టించేవాడు. ఆ భయాలన్నిటికీ పెద్దక్కలాంటి భయం ఒకటుంది. చిన్నప్పుడు దాగుడుమూతలాడుతూ ఆమె బట్టల బీరువాలో దాక్కుంది. తలుపు బిగుసుకుపోయింది. ఆడేవాళ్లు ఆట మరిచిపోయి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. బయట వాళ్లమ్మ ఇల్లంతా తిరుగుతూ పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. లోపల ఈ పిల్ల, పలికితే తిడతారేమోనని నోరు మూసుకుని, ఉతికిన చీరల వాసన మధ్య ఊపిరాడక కూర్చుంది. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో గుర్తులేదు. ఆనాటినుంచి ఆమె ఏ తలుపుకీ గడియ పెట్టలేదు.

పనిలో మాత్రం ఆమె చెయ్యి వణికేది కాదు. విడిపోయిన కుట్లు విప్పి మళ్లీ కుట్టేది. చిరుగుల మీద పల్చటి కాగితం పరిచి, పక్షి ఈకలు సర్దుకున్నట్టు మెల్లగా సర్దేది. పేజీ పూర్తిగా పోతే, ఆ చోట అంతే కొలతతో తెల్ల కాగితం చేర్చి కుట్టేది.

"ఇదేంటమ్మా, ఖాళీగా వదిలేశావు?" అని మొదట్లో లైబ్రరీ మేడం అడిగింది.

"నాకు బొమ్మలెయ్యడం రాదు మేడం. పేజీ పోయింది గానీ దాని చోటు పోకూడదు కదా."

పిల్లలు ఆ తెల్ల పేజీ దగ్గరికి రాగానే ఆగిపోయేవారు. ఒకరు అక్కడ ఏనుగుందనేవారు. ఇంకొకరు, ఏనుగు ఇప్పుడే వెళ్లిపోయింది, వాన పడుతోంది చూడు అనేవారు. మేడం మళ్లీ అడగలేదు.

అలాంటి పుస్తకాల్లో గుడ్డు పుస్తకం ఒకటి. అందులో ఒక పాప ఖాళీ అట్టపెట్టెలో ముడుచుకుని పడుకుని, "నేను గుడ్డుని" అంటుంది. లోపలినుంచి ఏమొస్తుందో ఎవరికీ తెలియదు. నాన్న పావురం అనుకుంటాడు. గదినిండా పావురాలు. అన్న మొసలి అనుకుంటాడు. మంచం కింద మొసళ్లు. పక్కింటి తాతయ్య పొద్దుటి సూర్యుడు అనుకుంటాడు, కిటికీ అంతా ఎర్రబడుతుంది. చివరి పేజీ ఎప్పుడో చిరిగిపోయింది. గుడ్డులోంచి ఏమొచ్చిందో లైబ్రరీలో ఎవరికీ తెలియదు. అక్కడ జిగురమ్మమ్మ కుట్టిన తెల్ల కాగితం ఉంది.

ఆమె మనవరాలికి ఆ పుస్తకమంటే ప్రాణం. ఇంకా పెద్ద బడికి పోని వయసు, మనిషి చిన్నది కాబట్టి ఇంట్లో ముద్దుపేరు గింజ. తల్లికి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. ఆటల బడికి సెలవులిచ్చినప్పుడల్లా గింజను లైబ్రరీలో దించి, "అమ్మా, జాగ్రత్త" అని పరుగెత్తేది. ఆ మాట చెప్పాల్సిన మనిషేనా ఈమె? సూదులు, వేడి జిగురు, అట్టలు కోసే పెద్ద కత్తి ఉన్న గదిలో గింజ ఒక్క అడుగు వేస్తే జిగురమ్మమ్మకు పై ప్రాణాలు పైనే పోయేవి. అటు పోకు, ఇది ముట్టుకోకు, అది ఎక్కకు అని రోజంతా అరిచి అరిచి, చివరికి ఒక ఉపాయం కనిపెట్టింది.

"గింజా, గుడ్డు ఆట ఆడదామా? చూడు, గుడ్డు కదలదు. గుడ్డు పలకదు. ఎవరు పేరు పెట్టి పిలిచినా ఊఁ అనదు. తల్లికోడి వచ్చి కొక్కొక్కో అనేదాకా అంతే!"

"అప్పుడు నేను లోపల్నించి ముక్కుతో టక్ టక్ కొడతా" అంది గింజ. అది దాని సొంత నియమం.

బల్ల కింద పెద్ద అట్టపెట్టె పెట్టింది. గింజ అందులో ముడుచుకుని మూత తనే లాక్కునేది. ఇంత పిడుగు అంత నిశ్శబ్దం ఎక్కడ దాచుకునేదో తెలియదు. జిగురమ్మమ్మ నిశ్చింతగా కుట్టుకునేది. పని ముగిశాక వంగి కోడిలా కూసేది. లోపల టక్ టక్. మూత తెరుచుకునేది. ఒకరోజు చేప, ఒకరోజు బస్సు డ్రైవరు, ఒకరోజు ఉట్టి గాలి. భయంలోంచి పుట్టిన ఆ ఆట తన బతుకులో అన్నిటికంటే తెలివైన పని అని ఆమె అనుకుంది.

పనికిరాని పాత పుస్తకాల్ని కాగితాల మిల్లుకు పంపే రోజు వచ్చింది. వెనక వరండాలో అట్టపెట్టెలు బారుగా పేర్చారు. ఏవి బాగుచెయ్యాలో, ఏవి పంపెయ్యాలో చూడమని మేడం ముందు గదిలోంచి కబురు పెట్టింది.

"నేనొచ్చేదాకా గుడ్డువై ఉండు తల్లీ" అని చెప్పి జిగురమ్మమ్మ వెళ్లింది.

బల్ల కిందకు ఆమె చూడలేదు. పెట్టెలు చాలక, అక్కడున్న అట్టపెట్టెను కూలీలు పొద్దున్నే పట్టుకుపోయారు.

తిరిగొచ్చి, అలవాటుగా వంగి, కొక్కొక్కో అనబోయింది. బల్ల కింద నేల మాత్రమే ఉంది. పెట్టె ఉన్నంత మేర దుమ్ము లేని చదరం, ఆమె కుట్టే తెల్ల పేజీలాగే.

"గింజా?"

కత్తి దాని చోట్లోనే ఉంది. సూదులు దిండులోనే ఉన్నాయి. కిటికీ కింద చూసింది, మెట్ల వెనక చూసింది. నీళ్లగదిలో చూసింది. అడుగడుక్కీ గొంతు పెరిగింది. మేడం వచ్చింది. చదువుకుంటున్న పిల్లలు పుస్తకాలు మూసి వచ్చారు. అందరూ పేరు పెట్టి పిలిచారు. మెట్ల మీద, అరల మధ్య, గేటు బయట, ఆ పేరే తిరిగింది. ఎక్కడా ఊఁ అన్న శబ్దం లేదు.

"రోడ్డు మీదికి పోయిందేమో అమ్మా" అంది మేడం, మెల్లగా.

జిగురమ్మమ్మ వరండాలోకి వచ్చి స్తంభం పట్టుకుంది. వరండా ఖాళీగా ఉంది. గేటు దగ్గర లారీ. పైన పెట్టెల వరసలు. ఒక కూలీ తాడు బిగిస్తున్నాడు.

"బాబూ, ఇక్కడ చిన్నపిల్లని చూశావా?"

"లేదు పెద్దమ్మా. ఉంటే ఈ పనిలో సాయం పట్టమనేవాణ్ని" అని నవ్వాడు. మళ్లీ తనే అన్నాడు, "అన్నీ కట్టేశాం. ఒక్కదానికి మూత తెరిచి ఉంటే, మూసి, దారం వేశాం. పైన పెద్ద బొమ్మల పుస్తకం పరిచి ఉంది, పాపం బాగానే ఉంది గానీ..."

ఆమె స్తంభం వదిలేసింది.

గింజకు గుడ్డు కావాలి. బల్ల కింద పెట్టె లేదు. ఇక్కడ ఇన్ని పెట్టెలున్నాయి. పైన పుస్తకం, పెంకు. పుస్తకాలు నింపిన పెట్టె బరువెంతో, ఆ బక్కపిల్ల బరువూ దాదాపు అంతే. ఎత్తినవాడికి తేడా తెలియదు. ఆ పెట్టె మీద ఇప్పుడు ఎన్ని పెట్టెలున్నాయో. మిల్లులో పెట్టెల్ని విప్పరనీ, ఉన్నవి ఉన్నట్టే నీళ్ల తొట్టిలోకి తోస్తారనీ ఆమె విని ఉంది.

లారీ ఇంజను మొదలైంది.

ఎప్పుడూ రోడ్డు దాటడానికే భయపడే మనిషి పరుగెత్తి వెళ్లి లారీ ముందు నిలబడింది.

"ఏంటి పెద్దమ్మా, అడ్డం పడతావ్! మిల్లు గేటు మూసేస్తారు!" అని డ్రైవరు కేకేశాడు.

"ఆపు! ఇంజను ఆపు! నా పిల్ల అందులో ఉంది!"

ఇంజను ఆగింది. ఆ మాటతో అందరూ లారీ చుట్టూ చేరి ఒక్కసారిగా పిలవడం మొదలుపెట్టారు. మేడం గొంతు అందరికంటే పెద్దది.

"పిలవకండి! మేడం, మీకు దణ్ణం పెడతా, ఎవ్వరూ పిలవకండి. పిలిస్తే పలకదు. నేనే నేర్పాను."

ఎవరికీ అర్థం కాలేదు. కానీ ఆమె ముఖం చూసి నోళ్లు మూతపడ్డాయి. కూలీ చెయ్యందిస్తే ఆమె లారీ ఎక్కింది. అట్టలు ఎండకు కాలుతున్నాయి. ఆ వేడి అరచేతికి తగలగానే బీరువాలో ఊపిరాడకపోవడం గుర్తొచ్చి ఆమె కళ్లు బైర్లు కమ్మాయి. కూయబోయింది. గొంతు తడారిపోయి గాలి మాత్రమే వచ్చింది.

మళ్లీ.

"కొక్... కొక్కొక్కో..."

కిందనుంచి ఒక పిల్లాడు కిసుక్కుమన్నాడు. మేడం వాడి నోరు మూసింది. పెట్టెలు పెట్టెల్లాగే ఉన్నాయి.

ఇంకోసారి కూసింది. ఏమీ లేదు. ఆలస్యమైపోయిందా? నిద్రపోయిందా? నిద్రేనా? ఆమె మోకాళ్ల మీద కూర్చుని, చెవి అట్టకు ఆనించి, బల్ల దగ్గర కూసినట్టే, మెల్లగా, చివర్లో సాగదీసి, పొదుగుతున్న కోడి గొంతుతో కూసింది. పావురాలు, మొసళ్లు, ఎర్రటి సూర్యుడు, అందరూ ఊపిరి బిగపట్టినట్టుంది ఆ నిశ్శబ్దం.

టక్.

తన గుండే అనుకుంది.

టక్ టక్.

"కింది వరస! ఈ మూల!" అని కూలీ అరిచాడు. పైవి దించారు. అడుగున ఉన్న పెట్టె మూత మధ్యలో లోపలికి కుంగి ఉంది. జిగురమ్మమ్మ నడుముకున్న చిన్న కత్తితో దారం తెంపింది. చెయ్యి వణకలేదు. పుస్తకం ఎత్తింది. కింద గింజ, చెమటతో తడిసి, జుట్టు నుదుటికి అంటుకుని, ముఖం కందిపోయి ఉంది.

"ఇంత లేటా అమ్మమ్మా!" అంది గింజ, రొప్పుతూ. "నేను కోడిపిల్లనైపోయి, పెద్ద కోడినైపోయి, మళ్లీ గుడ్డునైపోయాను."

కింద ఎవరో నవ్వారు, ఎవరో ఏడ్చారు. డ్రైవరు తన నీళ్ల సీసా పైకి అందించి, అటు తిరిగి నిలబడ్డాడు. జిగురమ్మమ్మకు మాత్రం లారీ దిగడానికి కాళ్లు లేకపోయాయి. ఆమెనూ పెట్టెలాగే ఇద్దరు పట్టి దించారు.

సాయంత్రం కూతురు వచ్చింది. అంతా విని, పిల్లను తల నుంచి పాదం దాకా తడిమి చూసింది.

"నువ్వు ఎప్పుడూ భయపడుతుంటే ఆ ధైర్యంతో నేను తిరిగేదాన్నమ్మా. అన్నిటికీ నువ్వే భయపడతావు కదా, నాకెందుకులే అని." పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "ఆ ఆట మాన్పించెయ్."

మర్నాడు జిగురమ్మమ్మ గుడ్డు పుస్తకాన్ని పై అరలో పెట్టింది. గింజ బల్ల కింద కూర్చుని, మోకాళ్ల మీద గడ్డం ఆనించి, చాలాసేపు పలకలేదు. పెట్టె లేదు, మూత లేదు. అయినా పలకలేదు. ఆ మౌనం చూస్తే నిన్నటి లారీ కంటే ఎక్కువ భయమేసింది ఆమెకు.

పుస్తకం కిందికి దించింది.

"సరే. కానీ కొత్త నియమం. ఎవరు పిలిచినా గుడ్డు పలకాలి."

"గుడ్లు పలకవు."

"మన గుడ్లు పలుకుతాయి."

గింజ ఆలోచించింది. "అయితే ముందు నువ్వు గుడ్డువవ్వు. ఎలా పలకాలో చూపించు."

ముందు గదిలోంచి పెద్ద ఖాళీ పెట్టె తెచ్చారు. జిగురమ్మమ్మ ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టడానికి బతుకంతా పట్టినట్టుంది. ముడుచుకుంది. గింజ మూత వేసింది. చీకటి. అట్ట వాసన కాసేపటికి ఉతికిన చీరల వాసనైంది. బయట చిన్న అడుగులు దూరమయ్యాయి. గుమ్మం దాటాయి. తర్వాత ఏమీ లేదు. మరిచిపోయిందా? ఆడుతూ ఆడుతూ ఇంకెటో పోయిందా? ఊపిరి పొట్టిదైపోయింది. చెయ్యెత్తితే మూత లేచిపోతుంది, తెలుసు. చెయ్యి లేవలేదు.

దూరంగా, మెట్లవైపునుంచి, ఒక గొంతు.

"అమ్మమ్మా!"

నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. పలికితే తిడతారేమో. ఎవరు తిడతారు? ఆ తిట్టేవాళ్లెవరూ ఇప్పుడు లేరు.

"అమ్మమ్మా, ఎక్కడున్నావ్?"

"ఇక్కడే!" అని అరిచింది జిగురమ్మమ్మ, చీకట్లోంచి, తన చిన్ననాటి గొంతుతో. "ఇక్కడే ఉన్నా! ఇక్కడే!"

అడుగులు పరుగెత్తుకుంటూ వచ్చాయి.