అరవైకి తప్పాల్సిన వంతు

మా వీధి ముసలివాళ్ళంతా కలిసి, చేతులెత్తి మరీ, నా చాకిరీని ఇంకో ఐదేళ్ళు పొడిగించారు. ఇది పోయిన ఏడాది మాట. తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను.

మాది కోయంబత్తూరులో సింగానల్లూరు. వీధి వీధంతా తెలుగువాళ్ళమే. ఎన్ని తరాల కిందట వచ్చామో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. చదువు అరవంలో, గొడవలు తెలుగులో. మా వీధికొక కట్టుబాటు ఉంది. ఏ ఇంట్లో కాన్పు జరిగినా, చావు జరిగినా, పొయ్యి దగ్గర నిలబడే మనిషి మంచం పట్టినా, ఆ ఇంటికి రెండు పూటలా తిండి మిగతా ఇళ్ళవాళ్ళు వంతులవారీగా తీసుకెళ్ళాలి. కాన్పుకు పదకొండు రోజులు, చావుకు పదహారు, జబ్బుకైతే లేచి తిరిగేదాకా. ఇంటి ఆడవాళ్ళలో చిన్నదానికి అరవై నిండితే ఆ ఇంటికి వంతు తప్పుతుంది. అప్పటినుంచి ఆ ఇల్లు తింటుంది కాని పెట్టదు. దాన్ని కూర్చున్న ఇల్లు అంటాం.

ఏ రోజు ఎవరి వంతో కాగితం ముక్క లేకుండా నోటితో చెప్పేది మా అత్త. మేనత్తే నాకు అత్తగారైంది కాబట్టి నేను పుట్టిందీ మెట్టిందీ ఈ వీధిలోనే. మా ఆయన పోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే.

నా చిన్నప్పుడు వంతంటే కాన్పే. ఏ నెల చూసినా వీధిలో ఇద్దరు బాలింతలు, వెల్లుల్లి కారం వాసన. మా ఇంట్లోనే ఏడుగురం పిల్లలం, ఎదురింట్లో తొమ్మిదిమంది. మిల్లుకు పోయే మనిషి ఇంటికొక్కడు, కంచాలు పన్నెండు. వంతు వచ్చిన రోజు మా అమ్మ పొయ్యి ముందు సణిగేది: "కనేది వాళ్ళంట, కాచేది నేనంట!" సణుగుతూనే మోసేది, ఏడాది తిరక్కుండా తన కాన్పూ వచ్చేది మరి. అయినా పెట్టే ఇళ్ళు ముప్పై దాకా ఉండేవి. కూర్చున్న ఇళ్ళు రెండో, మూడో.

నాకు పెళ్ళయిన కొత్తలో చూశాం అసలు సుఖం. ఇద్దరు చాలన్నారు, తరవాత ఒక్కరు చాలనుకున్నారు. ఆ ఏడుగురూ తొమ్మిదిమందీ ఎదిగి పనుల్లో పడ్డారు. మిల్లులకు కొందరు, పంపులు చేసే వర్క్‌షాపులకు కొందరు, బడిపంతుళ్ళు కొందరు. వీధిలో పసివాళ్ళూ తక్కువే, ముసలివాళ్ళూ తక్కువే. ఏడాదికి ఒకసారి వంతొస్తే గొప్ప. అదంతా మా తెలివే అనుకున్నాం, పిచ్చిమొహాలం! కలిసి ఎదిగినవాళ్ళంతా కలిసే ముసలివాళ్ళవుతారని ఒక్కరికైనా తోచిందా? నాకున్నదీ ఒక్క కూతురే. తేని అనే ఊళ్ళో ఇచ్చాం. అక్కడ దానికి అత్తామామా కాక మామగారి అన్న కూడా ఉన్నాడు, ముగ్గురికీ అదొక్కతే దిక్కు.

ఇప్పుడేమో తుంటి విరిగినవాళ్ళు, కళ్ళ ఆపరేషన్లవాళ్ళు, పదహారు రోజుల ఇళ్ళు. పెట్టే ఇళ్ళు నాలుగంటే నాలుగు. మిగతావన్నీ కూర్చున్నవే. ఆ నాలుగింట్లో ఒకావిడది బ్యాంకు ఉద్యోగం. ఆమె హోటల్ ఇడ్లీ తెచ్చిపెడితే ఈ పెద్దమనుషులు ముట్టరు. నాలుగు రోజులకోసారి వంట, మోత, మళ్ళీ వెళ్ళి గిన్నెలు తెచ్చుకోవడం. తల ప్రాణం తోకకొచ్చేది. నా మోకాళ్ళు రెండూ అరిగిపోయాయన్నాడు డాక్టరు. తినేవాళ్ళ నాలుకలు మాత్రం ఏమీ అరగలేదు. "ఏమే, చారు సప్పగా ఉండాది" అని కబురు పంపేవాళ్ళు. అరవై ఎప్పుడు నిండుతుందా అని నేను గోడమీది క్యాలెండరులో నెలలు లెక్కపెట్టుకునేదాన్ని.

ఇంకా రెండు నెలలుందనగా భజనమఠంలో అందరూ కూడారు.

"ఉండేది నాలుగిండ్లు. ఇదీ కూర్చుంటే మన గతేమి? ఈ కాలంలో అరవై కూడా ఒక వయసాప్పా? అరవై అయిదు చేద్దాము" అన్నాడొక పెద్దాయన. సరే అనేవాళ్ళు చేతులెత్తమన్నారు.

ఎత్తక ఏం చేస్తారు? ఆ గదిలో పెట్టేవాళ్ళం నలుగురం. తినేవాళ్ళు ముప్పైమంది. అందరికంటే ముందు లేచిన చెయ్యి మా అత్తది. మోచెయ్యి నొప్పని ఆ పొద్దునే నాచేత నూనె రాయించుకున్న చెయ్యి!

ఇంటికొచ్చి కడిగేశాను.

"అత్తా, నా మోకాలు సంగతి నీకు తెలవదా?"

"తెలుసుమే."

"తెలిసీ చెయ్యెత్తితివా?"

"నువ్వు కూర్చుంటే మనిల్లు కూర్చున్న ఇల్లు అయిపోతాది. నేను ఈ ఇంటికి వచ్చిన నాటినుంచి తినినాము, తిరిగి పెట్టినాము. పెట్టకుండా తినింది లేదు. నేను పోయినాక కూర్చో, పో."

"నువ్వు పోయేలోపల నేనే పోతాను!"

"సుమ్మ ఊరికినే అరవాకుమే, పక్కింటోళ్ళు వింటారు."

పక్కింటివాళ్ళకు చెవులు వినపడి పదేళ్ళయింది.

ఆ కోపం చల్లారకముందే మా వెనక పోర్షన్‌లో కాన్పయింది. ఒడిశా నుంచి వచ్చి అద్దెకున్న జంట. అతను ఫౌండ్రీలో పని చేస్తాడు, ఆమెకు ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఇప్పుడు మా వీధిలో వయసులో ఉన్నవాళ్ళంటే ఇలా అద్దెకొచ్చినవాళ్ళే. వంతు ఎవరిదని అత్తనడిగాను.

"వాళ్ళు మనోళ్ళు కాదు కదమే" అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళు కట్టించుకున్న ముసలాయనకు పది రోజులు గుజ్జన్నం మోశామే, పచ్చి బాలింతకు పట్టెడన్నం పెట్టేవాళ్ళు లేరా? ఎవరినీ అడక్కుండా మిరియాల చారు కాచాను. బాలింత వంట చేసి ఎన్నేళ్ళయిందో, వెల్లుల్లి ఎంత వెయ్యాలో కాసేపు గుర్తే రాలేదు. పదకొండు రోజులూ తిట్టుకుంటూనే మోశాను. కాని ఆ గుప్పెడంత మొహం చూస్తే సంతోషం ఆగేది కాదు. అది దాచుకోవడం దేనికి?

ఆరు నెలలకు వీధి చివరింటి పెద్దాయన పోయాడు. ఏడో రోజు నా వంతు. రెండు చేతుల్లో రెండు క్యారియర్లతో ఆ ఇంటి మెట్టెక్కబోయి, మోకాలు మడతపడి బోర్లా పడ్డాను. సాంబారంతా వాకిట్లో పారింది. అరుగు మీదున్న పదిమందీ "అయ్యో కడవుళే, పావంమే" అని దేవుణ్ణి తలుచుకున్నారు. ఒక్కరూ వచ్చి పట్టుకోలేదు. రాకూడదని కాదు, పాపం, వాళ్ళకు లేచే ఓపికేదీ? వాళ్ళ మధ్యే కూర్చున్న అత్త గోడ పట్టుకుని సగం లేచి మళ్ళీ కూలబడింది. నన్నే చూస్తూ ఏడ్చింది. నాకు ఆమె మీద కోపం రాలేదు, భయమేసింది.

అరుపులు విని వెనక పోర్షన్ అమ్మాయి బిడ్డనెత్తుకుని పరుగెత్తుకొచ్చింది. నన్ను లేపి కూర్చోబెట్టి, బిడ్డను నా ఒళ్ళో పెట్టి, తమకోసం వండుకున్న అన్నమూ పప్పూ ఆ ఇంటికి తెచ్చిచ్చింది. వాళ్ళు వంక పెట్టకుండా తిన్నారు.

మర్నాడు పొద్దున అత్త కర్ర పట్టుకుని వీధిలో నిలబడి వరస చెప్పింది.

"మా ఇంటి వంతు లేదు. ఇది కూర్చుంటాది. దీని చోట్లో వెనకింటి పిల్ల."

"అరవై అయిదు అనుకుంటిమే?" అన్నాడు భజనమఠంలో ఆ మాట తెచ్చిన పెద్దాయన.

"అనుకుంటిమి. నేనే చెయ్యెత్తినాను. ఇప్పుడు దించుతుండాను."

"వాళ్ళు మనోళ్ళు..."

"నిన్న తినినారు కదప్పా, ఏమన్నా అయిందా?"

ఇంతా చేసి ఆ పిల్లను ఒక్క మాటైనా అడిగారా? అదీ నేనే అడగాల్సి వచ్చింది. వచ్చీరాని అరవంలో సరేనంది. ఊరికే సరే అనలేదు. "నాకు జ్వరమొస్తే నాకూ తెస్తారా?" అంది.

"తెస్తారు" అంది అత్త.

తెచ్చేదెవరో అత్తకూ తెలియదు, నాకూ తెలియదు.

మధ్యాహ్నం ఆ పిల్ల క్యారియర్ పట్టుకుని మా వాకిలి ముందునుంచే వెళ్ళింది. ఇన్నాళ్ళూ దేనికోసం గొంతు చించుకున్నానో అది దొరికింది. కడగాల్సిన గిన్నె కూడా లేదు. అరుగు మీద అత్త కొంచెం పక్కకు జరిగి, "దామే, కూర్చో" అంది.

ఒళ్ళు మండిపోయింది. ఆమెకు ఎనభై నాలుగు, నాకు అరవై. అప్పుడే ఆమె పక్కన నా చోటా? రానన్నాను. కాసేపు అలాగే నిలబడ్డాను కూడా. మోకాలు ఊరుకోలేదు. కూర్చున్నాను.