ముందు తల దువ్వుకోండి

తల దువ్వుకోని మనిషిని శశికళ ఫోటో తీయదు. ఇల్లు తగలబడుతోంది, ఇన్సూరెన్సుకి ఒక్క ఫోటో తీసి పెట్టమ్మా అని బతిమాలినా సరే, ఇంటాయన జుట్టు సరిచేసుకుని వచ్చేదాకా ఆవిడ కెమెరా మూత తీయదు. అందరి కెమెరా సంచుల్లో లెన్సులు ఉంటాయి. ఆవిడ సంచిలో దువ్వెనలు, అరచేతిలో పట్టే అద్దం, పౌడరు డబ్బా, చిన్న సీసాలో కొబ్బరి నూనె, హెయిర్ పిన్నులు, ఉతికిన తువ్వాలు ఉంటాయి. కెమెరా వాటన్నిటి అడుగున ఎక్కడో ఉంటుంది.

ఒకసారి ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ ఆఫీసరు ఆ పౌడరు డబ్బాని అనుమానంగా చూసి ఆవిడని పక్కకి పిలిచాడు. శశికళ అతని తలని అంతకంటే అనుమానంగా చూసి, "యువర్ హెయిర్, సర్," అంటూ దువ్వెన చేతికిచ్చింది. పాపం, అతను దువ్వుకున్నాడు. ఈ సంగతి అమెరికాలో వాళ్లుండే మోరిస్‌విల్ తెలుగువాళ్లకి చెబితే ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. వాళ్లలో సగంమంది తలలు ఆవిడ ముందు వంచినవాళ్లే.

ఆశ్చర్యపోవడం కాదు, లోలోపల ఉడికిపోయినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆవిడ భర్త భానుప్రకాష్. ఈ కథంతా మనం ఆయన పక్కన కూర్చునే చూడాలి కాబట్టి, ఆయన కడుపుమంట గురించి ముందే చెప్పుకోవడం మంచిది.

భానుప్రకాష్ వారమంతా రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, శని ఆదివారాలు ఫోటోలు తీస్తాడు. లెన్సులకి తేమ తగలకుండా ఇంట్లో ఒక ప్రత్యేకమైన బీరువా ఉంది. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే థర్మామీటరు ఎక్కడుందో ఆయనకి తెలియదు గాని, ఆ బీరువాలో తేమ ఎంతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఫోటోగ్రఫీ మీద ఆయనకి గట్టి సిద్ధాంతాలున్నాయి.

"ఫోటో అనేది దొంగతనంలా తీయాలి శశీ. తీసినట్టు ఎదుటివాడికి తెలియకూడదు. అప్పుడే అది నేచురల్‌గా ఉంటుంది," అనేవాడు.

"దొంగతనం దేనికండీ? అడిగితే వాళ్లే ఇస్తారుగా?" అనేది శశికళ.

ఆవిడది నర్సరావుపేట. చిన్నప్పుడు అక్కడి స్టూడియోలో తెర ముందు కుర్చీ, పక్కన ప్లాస్టిక్ పూల కుండీ, గోడకి అద్దం, అద్దం కింద దువ్వెనా పౌడరూ ఉండేవట. ఎంత తొందరలో ఉన్నవాడైనా ఆ అద్దం దగ్గర ఆగకుండా కుర్చీ దాకా వెళ్లేవాడు కాదట. ఫోటో తీయడమంటే ఆవిడ దృష్టిలో ఇప్పటికీ అంతే. తన పాత కెమెరా ఒకటి ఇచ్చి, మీటలేవో నేర్పింది మాత్రం భానుప్రకాషే. ఆ రోజు తన చేతికి కట్టు ఉన్నా బాగుండేదని ఆయన తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఎందుకంటే, ఒకసారి రాధారాణి గారమ్మాయి ఓణీల ఫంక్షన్ రోజున ఆయనకి జ్వరం తగిలింది. బదులుగా శశికళ వెళ్లి, వచ్చిన చుట్టాలందరి తలలూ దువ్వించి మరీ ఫోటోలు తీసుకొచ్చింది. ఆ ఫోటోల్లో ప్రతివాడూ బిర్ర బిగుసుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, తిన్నగా కెమెరాలోకి చూస్తున్నాడు. భానుప్రకాష్ నవ్వుకున్నాడు. మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

"అంకుల్, సాటర్‌డే బర్త్‌డే పార్టీకి ఆంటీ ఫ్రీయేనా?"

"నేను ఫ్రీయే."

"ఓ... ఆంటీ బిజీనా?"

ఇలాంటి ఫోన్ వచ్చినప్పుడల్లా ఆయన వెళ్లి బీరువాలో తేమ చూసుకునేవాడు.

అలా ఉండగా తన్వి తగిలింది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ఇండోనేషియాలోని చిన్న చిన్న దీవుల్లో మంచినీళ్ల కుళాయిలు వేయించి, పేద కుటుంబాలకి మేకలు పంచే ఒక సేవాసంస్థలో పనిచేస్తోంది. వాళ్ల పనంతా ఊరూరా తిరిగి ఫోటోలు తీసిపెట్టే వాలంటీర్లు కావాలంది. పైగా తీసిన వాటిలో ఒకటి సంస్థ క్యాలెండరు మీద అట్టబొమ్మగా వస్తుందంది. అంతే, భానుప్రకాష్ గుండెలో ఆ అట్టబొమ్మ ఫ్రేము కట్టుకుని కూర్చుంది. జీవితంలో ఒక్కసారి, ఒక్క ఫోటో కింద తన పేరు అచ్చులో పడాలి. అది చూసి మోరిస్‌విల్ మొత్తం ముక్కున వేలేసుకోవాలి.

"అంకుల్, ఆంటీ కూడా వస్తే లేడీస్ కంఫర్టబుల్‌గా ఉంటారు," అంది తన్వి.

బ్యాగులు మోయడానికైనా పనికొస్తుందిలెమ్మని ఆయన ఒప్పుకున్నాడు. శశికళ ఇండియన్ స్టోర్‌కి వెళ్లి, ఉన్న దువ్వెనలన్నీ కొనేసింది.

బయల్దేరే ముందు తన్వి జాగ్రత్తలు చెప్పింది. "ఆంటీ, ప్లీజ్, అక్కడ ఎవరి తలా టచ్ చేయొద్దు. వాళ్లకి అది రూడ్."

భానుప్రకాష్‌కి ప్రాణం లేచొచ్చింది. దువ్వెనల కథ ఇక్కడితో సమాప్తం అనుకున్నాడు. శశికళ ఫ్లోరెస్ దీవిలో మొదటి ఊళ్లో దిగగానే, ఎదుటివాళ్ల చేతికి కొత్త దువ్వెన ఇచ్చి, తను ఎదురుగా అద్దం పట్టుకుని నిలబడింది. దువ్వుకున్న దువ్వెన వాళ్లకే ఉంచేసింది. రెండోరోజు పొద్దున్నకల్లా ఊరు ఊరంతా స్నానాలు చేసి, పెట్టెల్లోంచి నేత శాలువాలు తీసి కప్పుకుని, కొత్త కుళాయి దగ్గర వరస కట్టింది. భానుప్రకాష్ కెమెరా వైపు ఒక్క పిట్టయినా చూస్తే ఒట్టు.

తన్వి కంగారుపడింది. "ఆంటీ, ఇలా అయితే డోనర్స్‌కి వీళ్లు పూర్ అని ఎలా తెలుస్తుంది? అందరూ పెళ్లికి వెళ్తున్నట్టు ఉన్నారు!"

"పెళ్లికి వెళ్లేవాళ్లకి మంచినీళ్లు అక్కర్లేదా తల్లీ?" అంది శశికళ, పౌడరు డబ్బా మూత తీస్తూ.

మేకలు పంచే రోజున మేకని కూడా దువ్వింది. "దానికెందుకే?" అని భానుప్రకాష్ పళ్లు కొరికితే, "అది మాత్రం ఫోటోలో పడట్లేదా?" అంది. మేక ఆవిడ వెంటే తిరగడం మొదలుపెట్టింది. ఆఖరికి మేకని చూసి కూడా ఈర్ష్యపడాల్సిన స్థితికి వచ్చాడు భానుప్రకాష్.

సాయంత్రాలు శశికళ వాళ్ల బస ముందు వరండాలో కూర్చుని, వెంట తెచ్చిన చిన్న ప్రింటర్‌లో అందరి ఫోటోలూ అచ్చు తీసి పంచేది. చుట్టూ పిల్లలూ పెద్దలూ మూగి ఒకటే నవ్వులు. భానుప్రకాష్ ఆ ఛాయలకి పోకుండా ఇంటి వెనక కుర్చీ వేసుకుని, లెన్సులు తుడుచుకునేవాడు. నవ్వులు వెనక్కి కూడా వినిపించేవి, అదొక శిక్ష.

ఆయన అదృష్టం ఒకరోజు పొద్దున్నే పండింది. రోసా అనే ముసలావిడ తన ఇంటి గడప మీద నిలబడి ఉంది. నెరిసిన జుట్టు గాలికి చెదిరిపోయింది. పక్కన ఖాళీ నీళ్ల క్యాను. ఒక పక్కనుంచి ఎండ పడుతుంటే, దూరంగా ఎటో చూస్తోంది ఆ ముఖం. భానుప్రకాష్ చెట్టు చాటు నుంచి ఊపిరి బిగబట్టి నొక్కాడు. ఆ క్షణంలోనే దానికి 'నిరీక్షణ' అని పేరు కూడా పెట్టేశాడు.

కాసేపటికి శశికళ దువ్వెనతో వచ్చింది. రోసా లోపలికి వెళ్లి ముడి వేసుకుని, శాలువా కప్పుకుని, కుర్చీలో రాణీగారిలా కూర్చుంది. "ఓటరు కార్డుకి పనికొస్తుంది," అన్నాడు భానుప్రకాష్. శశికళ నవ్వేసింది.

మోరిస్‌విల్ తిరిగొచ్చాక కొన్ని నెలలకి తన్వి ఫోన్ చేసింది. అట్టబొమ్మగా 'నిరీక్షణ' ఎంపికైందట! భానుప్రకాష్ ఆ వార్త చెప్పని మనిషి ఊళ్లో లేడు. లైబ్రరీలో పుస్తకం తిరిగిచ్చేటప్పుడు కూడా చెప్పాడు. శశికళ బొబ్బట్లు చేసి అందరికీ పంచింది. ఆవిడ ముఖంలో ఎక్కడైనా కాస్త అసూయ కనిపిస్తుందేమోనని ఆయన బొబ్బట్లు తింటూ ఓరగా చూశాడు. మచ్చుకైనా కనిపించలేదు. ఈర్ష్యపడటం కూడా చేతకాని ఈ మనిషిని చూస్తే ఆయనకి మరీ ఈర్ష్య పుట్టింది.

శుక్రవారం సాయంత్రం తన్వి ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చింది. "అంకుల్, ప్రింట్ చేసే ముందు ఫోటోలో ఉన్నవాళ్లని అడగాలి. మా రూల్. జస్ట్ ఫార్మాలిటీ," అంది.

అక్కడ అప్పుడే శనివారం తెల్లవారింది. వీడియో కాల్‌లో తెర మీద రోసా చక్కగా ముడి వేసుకుని కూర్చుంది. ఆ ఊళ్లో సంస్థ మనిషి ఆవిడ మాటల్ని ఇంగ్లీషులో చెబుతుంటే, తన్వి తెలుగులో చెప్పింది. ముందు ఆవిడకి 'నిరీక్షణ' చూపించారు. రోసా ముఖం ముడుచుకుపోయింది.

"వద్దంటోంది అంకుల్."

"వద్దా? ఆ ముఖంలో ఎంత వెయిటింగ్ ఉందో చెప్పు. నీళ్ల కోసం, భవిష్యత్తు కోసం..."

తన్వి అడిగింది. జవాబు విని కాస్త తటపటాయించింది. "నీళ్ల కోసం కాదట అంకుల్. ఆ రోజు తన నల్లకోడి మిస్సయిందట. అది ఎటు పోయిందా అని చూస్తోందట. దాని గొడవలో తల కూడా దువ్వుకోలేదు, అమెరికా మొత్తానికి నన్ను ఇలా చూపిస్తారా అని అడుగుతోంది."

భానుప్రకాష్ కుర్చీలో కూలబడ్డాడు.

రోసా లేచి, గోడ మీద దేవుడి పటం పక్కన వేలాడుతున్న మరో పటాన్ని తీసుకొచ్చింది. కుర్చీ, శాలువా, ముడి. శశికళ తీసిందే. "ఇది వేయమంటోంది. ఇంతకుముందు ఎంతమందో వచ్చి తన ఫోటోలు తీసుకుపోయారట. ఇచ్చి వెళ్లింది మాత్రం వీళ్లేనట. ఊళ్లో ప్రతి ఇంట్లో ఇలాంటిదొకటి ఉందంటోంది," అంది తన్వి. ఆ పిల్ల గొంతులో ఇంగ్లీషు తగ్గిపోయింది.

అంతలో రోసా పటం తిరగేసి, వెనక ఏదో వేలితో చూపిస్తూ గట్టిగా అడిగింది. అట్ట మీద నీలం సిరాతో గుండ్రటి ముద్ర. భానుప్రకాష్ ముందుకి వంగి చదివాడు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది: భాను స్టూడియో, మోరిస్‌విల్.

"అన్ని ఫోటోల వెనకా ఇదే ఉందట. ఈ భాను ఎవరని అడుగుతోంది," అంది తన్వి.

ఆయన భార్య వైపు తిరిగాడు. శశికళ చీర కొంగుతో కళ్లజోడు తుడుచుకుంటోంది.

"ఏమిటే ఇది?"

"స్టూడియో ఫోటో అన్నాక వెనక ముద్ర ఉండొద్దాండీ? మా ఊళ్లో ఎవరు తీసినా ముద్ర ఓనరు పేరు మీదే వేసేవాళ్లు. కెమెరా మీది. నేర్పింది మీరు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు వరండాలోకి వస్తేగా! మూతి ముడుచుకుని వెనక కూర్చున్నారు."

భానుప్రకాష్‌కి సిగ్గేసింది. తను అచ్చులో ఒక్కచోట పేరు పడితే చాలని కళ్లల్లో నిప్పులు పోసుకుంటుంటే, ఈ మనిషి నవ్వుతూ కూర్చుని దాన్ని ఊరూరా ఇంటింటి గోడకీ తగిలించి వచ్చింది. పెళ్లయినప్పటి నుంచీ ఆవిడంటే ఇష్టమే గాని, ఇంత ఇష్టం ఉందని ఆయనకే తెలియదు.

"నేనేనమ్మా భానుని," అన్నాడు తెర దగ్గరికి జరిగి, గొంతు సవరించుకుని.

రోసా ఆయన్ని ఎగాదిగా చూసి గబగబా ఏదో చెప్పింది. తన్వి నవ్వాపుకుంది. "అంకుల్, ఆ మొదటి ఫోటో తీసింది మీరే అయితే, అందులో కోడి ఎటు పోయిందో చూసి చెప్పమంటోంది. ఇంకా దొరకలేదట."

ఇంకొకరయితే నొచ్చుకునేవారేమో. భానుప్రకాష్ బాణంలా లేచి తన కంప్యూటర్ తెరిచాడు. లెన్సు మామూలు లెన్సా! రోసాని వదిలేసి, గడపని దాటించి, పక్కింటి వెదురు కంచె మీదికి పెద్దది చేశాడు. కంచె సందులోంచి పక్కింటివాళ్ల వంటపాక కనిపించింది. అక్కడ బోర్లించిన బుట్ట. బుట్ట అంచు కిందనుంచి నల్లటి తోక ఈకలు.

"ఇదిగో!" అని అరిచాడు.

ఫోటో అటు చేరగానే రోసా ఒక్క కేక పెట్టింది. పటం కుర్చీలో పడేసి, శాలువా బిగించి, బయటికి పరుగెత్తింది. తెర మీద ఖాళీ గోడ మిగిలింది. పక్కింటి వైపు నుంచి ఇద్దరు ఆడవాళ్ల గొంతులు అంతకంతకూ పెరుగుతుంటే, భాష ఒక్క ముక్క తెలియకపోయినా ముగ్గురూ చెవులొగ్గి విన్నారు.

"ఎంత పదునైన లెన్సండీ!" అంది శశికళ, మనస్ఫూర్తిగా.

తన్వి పెన్ను తీసింది. "సో, కవర్ మీద రెండో ఫోటో. కింద ఎవరి పేరు వేయమంటారు?"

"ముద్రలో ఉన్నదే వెయ్యమ్మా," అంది శశికళ.

"వీల్లేదు. శశికళ అనే వెయ్యి. తీసింది ఆవిడ," అన్నాడు భానుప్రకాష్. అని, తెరలోంచి వస్తున్న పోట్లాటని ఇంకాసేపు గర్వంగా విన్నాడు. "కోడి ఫోటోకి మాత్రం నా పేరు ఉండాలి."

"కోడి ఫోటో మేమెక్కడా వేయట్లేదు కదా అంకుల్?"

"అది నాకనవసరం. ఎక్కడో ఒకచోట వెయ్యండి."